నాన్న ఆడగొంతు

ఐర్లండ్‌లో, బ్లాంచర్డ్స్‌టౌన్‌లోని ఆ ఇంట్లో సోమవారం ఉదయం ఎప్పటిలాగే మొదలైంది. నిఖిల ఉప్మాకి పోపు వేస్తూ కూతురు వర్షిత స్కూలు బ్యాగు సర్దుతోంది. నిఖిల తండ్రి గురుమూర్తి బల్ల దగ్గర కాఫీ తాగుతున్నాడు. ఒక్క గుక్క మింగేసరికి నొప్పితో ఆయన ముఖం ముడుచుకుపోయింది.

తెనాలి నాటక సమాజాల్లో గురుమూర్తి ముప్పై ఏళ్ళు ఆడవేషాలు కట్టాడు. పై స్థాయిలో పద్యం అందుకుంటే, పాడేది మగవాడంటే ఎవరూ నమ్మేవారు కాదు. వన్స్‌మోర్లతో పందిరి దద్దరిల్లేది. నిఖిలకు మాత్రం అది తలవంపు. బడిలో పిల్లలు "మీ ఇంట్లో ఇద్దరమ్మలా?" అని ఏడిపించేవారు. డాక్టరై ఐర్లండ్ వచ్చాక, నాన్న గుమాస్తా అని చెప్పుకుంది. తల్లి పోయాక ఆయన్ని ఇక్కడికి తెచ్చుకున్న వారంలోనే, "గోడలు పల్చన నాన్నా, పాడకు" అంది. నాలుగేళ్ళుగా ఆయన పాడలేదు.

ఇప్పుడా గొంతులోనే క్యాన్సర్. గురువారం ఆపరేషన్ చేసి స్వరపేటిక తీసేయాలి. ఆయన సంతకం పెట్టనంటున్నాడు.

"ఇంకా ఆలస్యమైతే ఊపిరే అందదు నాన్నా. పెట్టెయ్."

"గొంతు పోయాక బతికేం చేసుకోనమ్మా?"

"నాలుగేళ్ళుగా పాడనే లేదుగా! ఇప్పుడెందుకీ పంతం?"

"పాడొద్దన్నదెవరే?" ఆయన గొంతు బొంగురుగా వణికింది. "పాడకపోయినా లోపల ఉందిలే అనుకున్నా. అదీ లేకుండా చేస్తారా?"

చెంచా పట్టుకుని వింటున్న వర్షిత కళ్ళు పెద్దవి చేసింది.

"తాత సింగరా? యూ నెవర్ టోల్డ్ మీ, మమ్! వీడియో చూపించు."

నిఖిల ఫోన్ తీసింది. వేల ఫొటోలున్నాయి. నాన్న పాట ఒక్కటి కూడా లేదు. తీయాలని ఆమెకు ఎన్నడూ తోచలేదు. స్టవ్ కట్టేసి వచ్చి ఆయన కాళ్ళ దగ్గర కూర్చుంది.

"పాడు నాన్నా. రికార్డు చేసుకుంటా."

ఆయన చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని పద్యం మొదలెట్టాడు. మొదటి పాదం సగంలో గొంతు విరిగి గాలి మాత్రమే వచ్చింది. మళ్ళీ ప్రయత్నించి దగ్గాడు. మూడోసారి తల అడ్డంగా ఊపాడు.

"పోయిందమ్మా. ఆలస్యమైపోయింది."

నిఖిల బావురుమంది. ఏడుస్తూనే, ఆయన ఆగిన చోట అందుకుంది. చిన్నప్పుడు మేకప్ గదిలో వేషాల పెట్టె మీద పడుకుని విన్న పద్యం అది. తనకింకా గుర్తుందని ఆమెకే తెలియదు. శ్రుతి తప్పింది, ఊపిరి చాలలేదు. గురుమూర్తి విస్తుపోయి చూశాడు. తర్వాత చెయ్యి పైకెత్తి, స్వరం ఎక్కడిదాకా వెళ్ళాలో చూపించాడు.

"తొందరపడకు. మళ్ళీ అను."

మర్నాడు సంతకం పెట్టాడు. గురువారం ట్రాలీ మీదికి ఎక్కించేదాకా ఆ నాలుగు పాదాలే ఆమెకు నేర్పాడు.

ఆపరేషన్ అయ్యాక కళ్ళు తెరిచి ఏదో అడగబోయాడు. పెదవులు కదిలాయి, చప్పుడు రాలేదు. కళ్ళలో భయం చూసి నిఖిల ఆయన చెయ్యి పట్టుకుని పద్యం ఎత్తుకుంది. ఆ పై స్థాయి ఆమెకు అందలేదు. ఎప్పటికీ అందదని ఇద్దరికీ తెలుసు. వార్డులో అందరూ తిరిగి చూస్తున్నా ఆమె ఆపలేదు.