బాల్కనీలో ఆఖరి వరుస

రైలు దిగేసరికే మనోజ్ఞకు కాళ్లు లాగేస్తున్నాయి. డిసెంబరు నెల, శనివారం. సాయంత్రమైనా కాకముందే ఊరంతా మసకబారింది. స్టేషన్ నుంచి థియేటర్ దాకా రాళ్లు పరిచిన వీధి, మంచు కరిగి జారుతోంది. ఆడపడుచు రిషిత మాత్రం నాలుగడుగులు ముందుకు ఉరికి, ఆగి, వదిన కోసం చూసి, మళ్లీ ఉరుకుతోంది.

రిషిత కాట్‌బస్‌లోని జర్మన్ యూనివర్సిటీలో మాస్టర్స్ పూర్తి చేసింది. చదివినన్నాళ్లూ సెలవు రోజులన్నీ గోదాములో డబ్బాలు సర్దడానికే పోయాయి. త్వరలో డెగ్గెన్‌డార్ఫ్‌లో ఉద్యోగంలో చేరాలి. ఆలోపు ఒక్క ఒపెరా అయినా చూడాలని పట్టుబట్టింది. పాపను తాను చూసుకుంటానని చెప్పి, అన్న సుమంత్ మాగ్డెబర్గ్‌లోనే ఉండిపోయి భార్యను తోడు పంపాడు. పాప కీటాలో, అంటే పసిపిల్లల బడిలో, చేరింది మొదలు ఏదో ఒక జ్వరం ఇంటికి మోసుకొస్తోంది. అది చాలదన్నట్టు ఆఫీసులో మనోజ్ఞకు ఏ రాత్రి ఫోన్ వచ్చినా లేవాల్సిన ఆన్‌కాల్ డ్యూటీ. కంటినిండా నిద్రపోయి ఎన్నాళ్లయిందో ఆమెకే గుర్తులేదు. అయినా రిషిత మొహం చూసి కాదనలేకపోయింది.

థియేటర్ చాలా పాతది. లోపల పాలరాయి మెట్లు, మసిబారిన అద్దాలు, పైన ఎక్కడో ఒక్కటే దీపం. టికెట్ కౌంటర్‌లో శాలువా కప్పుకున్న ఒక పెద్దావిడ కూర్చుని ఉంది. సాయంత్రం ఆటకు ఏం మిగిలాయని రిషిత జర్మన్‌లో అడిగింది.

ఆవిడ స్క్రీన్ ఇటు తిప్పి చూపించింది. "కింద పక్కగా రెండున్నాయి. స్తంభం అడ్డం వస్తుంది. లేదంటే పైన బాల్కనీలో, ఆఖరి వరుస. అక్కణ్ణుంచి స్టేజీ అంతా కనిపిస్తుంది."

"ఏవి తీస్కుందాం వదినా?"

"నీ ఇష్టం రిషీ. నాకు కూసునే జాగ దొరికితే చాలు."

ఆవిడకు తెలుగు రాదు. అయినా తలెత్తి మనోజ్ఞ కళ్ల కింది నలుపును చాలాసేపు చూసింది.

"పైకెళ్లి చూసి రండి. తలుపు తీసే ఉంది" అంది. తర్వాత గొంతు తగ్గించింది. "కానీ నిలబడే చూడండి. ఆఖరి వరుసలో కూర్చోకండి."

"సాయంత్రం కూర్చోవాల్సింది అక్కడే కదా?" అని రిషిత నవ్వింది.

"సాయంత్రం జనం ఉంటారు" అంది ఆవిడ.

మనోజ్ఞ గోడ పట్టుకుని, ఎడమ కాలు కాస్త ఈడుస్తూ మెట్లు ఎక్కింది. బాల్కనీ తలుపు తోయగానే పాత మఖ్మల్ వాసన, దాని వెనక అప్పుడే ఆర్పిన కొవ్వొత్తి వాసన. లోపల చిమ్మచీకటి కాదు. దూరంగా స్టేజీ మీద ఒంటరి బల్బు ఒకటి వెలుగుతోంది. ఆ వెలుగులో కుర్చీల వీపులు వరుసలు వరుసలుగా, తలలు వంచుకున్న మనుషుల్లా ఉన్నాయి.

రిషిత మెట్ల మీదుగా కిందికి దిగి, ముందున్న కమ్మీ దగ్గరికి వెళ్లింది. మనోజ్ఞ ఆఖరి వరుస దగ్గరే ఆగిపోయింది. కుర్చీ చేతిని పట్టుకుని నిలబడింది. కాసేపు నిలబడింది. ఈ రిషి పిచ్చిది ఇప్పట్లో పైకి రాదు... ఒక్క నిమిషం.

కూర్చుంది.

అబ్బ, ఎంత మెత్తగా ఉంది! నడుము నొప్పి, మెడ నొప్పి అన్నీ ఆ కుర్చీలోకి ఇంకిపోయాయి. రెప్పలు వాలాయి.

పక్క కుర్చీలో ఎవరో ఊపిరి పీల్చారు.

"అలసిపోయినవా, బిడ్డా?"

తెలుగు. అదీ తమ కరీంనగర్ తెలుగు. చెవి పక్కనే, చల్లగా.

భయపడాలన్న సంగతి కూడా మనోజ్ఞకు తట్టలేదు. ఆ మాట తనను ఎవరూ అడిగి చాలా కాలమైంది. కళ్లు మూసుకునే "ఆఁ" అంది.

"నువ్వు కూసో. నీ బదులు నేను లేస్త."

పక్కన కుర్చీ కిర్రుమంది. మోకాళ్లకు చల్లటి బట్ట రాసుకుంటూ ఎవరో దాటిపోయారు. మనోజ్ఞ కళ్లు తెరిచింది. మెట్ల మీద ఒకామె దిగుతోంది. తన ఎత్తే. తన కోటే. తనలాగే ఎడమ కాలు కాస్త ఈడుస్తూ...

లేవబోయింది. ఒళ్లు కదల్లేదు. "రిషీ" అనబోయింది. నోరు తెరుచుకుంది, గొంతు రాలేదు. తడి బొంత కప్పినట్టు నిద్ర మీద పడుతోంది.

ఆమె వెళ్లి రిషిత పక్కన నిలబడింది.

"మంచిగ కనపడుతది కద వదినా ఇక్కడికెళ్లి?" అంది రిషిత, తల తిప్పకుండానే.

ఆమె చెయ్యి కమ్మీ మీదుగా మెల్లగా జరిగింది. రిషిత చేతి మీద ఆగింది.

"అబ్బ! నీ చెయ్యేంది ఇంత సల్లగున్నది?"

మనోజ్ఞ రెప్పలు మూతపడుతున్నాయి. ఇక చాలు... ఇక నిద్రపోవచ్చు... పాప... పాప ఎవరు?

అప్పుడు, చేతిలోంచి ఒళ్లోకి జారిన ఫోన్ మోగింది.

సుమంత్. తెర వెలుగు ఆమె మొహం మీద పడింది. రిషిత వెనక్కి తిరిగింది. ఆఖరి వరుసలో కూర్చున్న వదినను చూసింది. తర్వాత, చాలా నెమ్మదిగా, తన పక్కకు చూసింది.

ఒక్క ఉరుకున మెట్లెక్కి వచ్చి వదిన చెయ్యి పట్టి గుంజింది. బురదలోంచి కాలు లాగినట్టు మనోజ్ఞ లేచింది. తలుపు... పాలరాయి మెట్లు... కింద దీపం. ఇద్దరూ ఎలా దిగారో తెలియదు.

కౌంటర్‌లో ఆవిడ లేచి నిలబడి ఉంది. మనోజ్ఞను కాదు, రిషితను చూసి అడిగింది.

"కూర్చున్నారా?"

"మాకు టికెట్లు వద్దు" అంది రిషిత.

ఆవిడ వాళ్ల వెనక ఖాళీ మెట్ల వైపు చూసి కౌంటర్ తెర కిందికి లాగేసింది.

తిరుగు రైల్లో బోగీ దాదాపు ఖాళీ. వెచ్చగా ఉంది. మనోజ్ఞ సుమంత్‌కు ఫోన్ చేసి, పాపకు జ్వరం లేదని విని, కాసేపు ఏడ్చి తేరుకుంది. రిషిత కిటికీ పక్కన బిగుసుకుని కూర్చుంది. ఎడమ చెయ్యి కోటు జేబులోంచి తీయలేదు.

"రిషీ, టీ తాగుతవా?"

రిషిత తల అడ్డంగా ఊపింది. తర్వాత వదిన వైపు వంగింది.

"వదినా... మెట్లు దిగేటప్పుడు నువ్వు నా కుడి చెయ్యే కద పట్టుకున్నది?"

"ఆఁ. ఏం?"

"ఎడమ చెయ్యి కూడా ఎవరో పట్టుకున్నరు."

మనోజ్ఞ ఆ జేబు వైపు చూసింది. జేబు రిషిత పిడికిలికి మించి ఉబ్బి ఉంది.

"ఇప్పుడు... వదిలేసిందా?" అని అడిగింది.

రిషిత కళ్లనిండా నీళ్లతో వదినను చూసి, కుడిచేతి వేలు పెదవుల మీద పెట్టుకుంది.

"మెల్లగ మాట్లాడు వదినా. ఇప్పుడే పండుకున్నది."