ఒక్క తప్పూ చెయ్యని మనిషి

ఉదయం ఆరున్నర. ఏజెంట్ సిమ్యులేటర్‌లో విమానాన్ని రన్‌వే పక్కన గడ్డిలో దించాడు. ఎవరూ చావలేదు.

"కాక్‌పిట్‌లో నువ్వు పలికిన మాట, ఆ కాల్‌అవుట్, మన కంపెనీది కాదు," అన్నాడు ఇన్‌స్ట్రక్టర్. "కొత్త కోడలికి పుట్టింటి అలవాట్లు పోవడానికి టైం పడుతుంది, ఒప్పుకుంటా. నీకు ఎప్పటికీ పుట్టిల్లే గతా నాయనా?"

ఏజెంట్ ఒకప్పుడు వైమానిక దళంలో పైలట్. ఎయిర్‌లైన్‌లో కొత్తగా చేరిన పైలట్ల బ్యాచ్‌లో శత్రువుల మనిషి ఒకరున్నారని సమాచారం. విదేశాంగ మంత్రి ఎక్కే విమానం కాక్‌పిట్‌లోకి చేరడం ఆ మనిషి పని. ట్రైనీగా చేరి పట్టుకోవడం ఇతని పని. పొద్దున్నే క్లాసులు, ఆపైన గోడకంటించిన కాగితం కాక్‌పిట్ ముందు కూర్చుని స్విచ్‌లు నొక్కినట్టు నటించడం. ఇంతవరకూ దొరికింది తిట్లే.

సిమ్యులేటర్‌లో అతని జోడీ వాళ్ళ ఇంటెలిజెన్స్ డిపార్ట్‌మెంట్ ఇన్‌ఫార్మరే. వేరే ఎయిర్‌లైన్‌లో ఏడేళ్ళు నడిపానని చెప్పింది. ఆమె క్యాంటీన్‌లోకి వస్తే చూపులన్నీ అటు తిరిగి స్పూన్ల చప్పుడు ఆగేది. రోజుకొకరి మీద అనుమానమనేది. ఆరా తీస్తే ఆవగింజంత కూడా దొరికేది కాదు.

చీఫ్ ఫోన్‌లో విసుక్కున్నాడు. మధ్యాహ్నం ఫైనల్ చెక్. పాసైనవాళ్ళలో ఒకరు రేపు మంత్రి ఫ్లైట్‌కి కో-పైలట్.

"అక్కడ నువ్వు చేస్తున్నదేమిటి? గోళ్ళు గిల్లుకోవడమా?"

"తిట్లు తినడం సార్."

అన్నాక ఏజెంట్ ఆగాడు. పాత కంపెనీ మాట నోరు జారి బ్యాచ్‌లో అందరూ తిట్లు తిన్నారు. ఆమె తప్ప. ఏడేళ్ళ అలవాటు మొదటిరోజు నుంచీ ఒక్కసారి కూడా బయటపడలేదు.

ఆ ఎయిర్‌లైన్ నుంచే వచ్చిన మరో ట్రైనీని టీ దగ్గర కదిపాడు. ఇంజిన్‌లో మంటలొస్తే అక్కడ ఒకరు "గార్డ్" అంటారు. వినగానే రెండో పైలట్ చెయ్యి బాగున్న ఇంజిన్ లీవర్ మీద పడాలి, పొరపాటున దాన్ని ఆపెయ్యకుండా. ఇక్కడ ఆ పద్ధతి లేదు.

ఫైనల్ చెక్. టేకాఫ్ కాగానే ఫైర్ బెల్ మోగింది.

"గార్డ్," అన్నాడు ఏజెంట్.

ఆమె చెయ్యి కదల్లేదు. "అంటే?" అంది.

బయటున్న తన మనుషులకి సంకేతంగా ఏజెంట్ తన వాచీ పక్కనున్న మీట నొక్కాడు. చెక్ ముగిసి ఎగ్జామినర్ ఆమె పాస్ కాగితం మీద సంతకం మొదలుపెట్టాడు. తలుపు తెరుచుకుంది. టెక్నీషియన్ యూనిఫాంలో ఇద్దరు లోపలికొచ్చి ఆమె బ్యాగులోని టార్చిలైటు విప్పారు. బ్యాటరీ ఉండాల్సిన చోట గ్యాస్ క్యాప్సూల్ ఉంది.

"ఒక్క తప్పు చేసుంటే దొరికేదానివి కాదు," అన్నాడు ఏజెంట్.

"నీలా అన్ని తప్పులు చెయ్యడం నా వల్ల కాదులే."

మర్నాడు మంత్రి విమానం టైంకి బయల్దేరింది. చెక్ ఫలితాలు నోటీసు బోర్డుకెక్కాయి. కంపెనీది కాని కాల్‌అవుట్ వాడినందుకు ఏజెంట్ ఫెయిల్.