వెనక పలక లేని బీరువా

నాటకానికి చేసే సామాను తేలిగ్గా ఉండాలి. జనానికి కనిపించే వైపు నగిషీ, వెనకంతా ఉత్త చెక్క. ఆ సంగతి నాకు తెలియక కాదు. కానీ వందేళ్ల నాటి ఇంటి కథకు ప్లైవుడ్ బీరువా చేయడానికి నాకు చెయ్యి రాలేదు. కూల్చేసిన ఒక ఇంటి నుంచి పాత టేకు తలుపుల జత తెచ్చి బిగించాను.

"బాబాయ్, దీన్ని మోయడానికి ఏనుగును మాట్లాడాలా?" అన్నాడు డైరెక్టరు.

"ఏనుగెందుకు, నువ్వున్నావుగా."

నాటకంలో మా అమ్మాయి ఆ బీరువాలో దాక్కోవాలి. అందుకే వెనక పలక పెట్టకుండా నల్లగుడ్డ కట్టాను. ముందు నుంచి దూరి, నాలుగు లెక్కపెట్టేలోగా వెనక నుంచి బయటికి వచ్చేయాలి. లోతు అడుగున్నరే.

మొదటిసారి తలుపు తీయగానే అమ్మాయి నా చొక్కా పట్టుకుంది. "నాన్నా, లోపల ఎవరో ఊపిరి పీలుస్తున్నారు. ఈ తలుపులు మార్చెయ్యి."

"వార్నిషు వాసనకు అలా అనిపిస్తుందిలే. దూరు."

నా పంతం నాది. మధ్యాహ్నం అందరూ భోజనాలకు వెళ్లాక మళ్లీ దూరమన్నాను. కిటికీలు లేని హాలు. వేదిక మీద ఒక్కటే బల్బు. అమ్మాయి లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది. నేను వెనక నిలబడ్డాను.

ఒకటి... రెండు... మూడు... నాలుగు.

గుడ్డ కదల్లేదు. తడిమట్టి వాసన వచ్చింది. గుడ్డ ఎత్తాను. ఎవరూ లేరు. ముందుకు పరిగెత్తి తలుపు తీశాను. ఖాళీ.

"అమ్మా..." అని అమ్మాయిని పిలిచాను.

బీరువా వెనక ఏదో చప్పుడైంది. వెళ్లి చూస్తే అమ్మాయి నిలబడి ఉంది. చీలమండల దాకా బురద.

"ఎక్కడికి పోయావే?"

"మెట్లు దిగాను నాన్నా. పదకొండు." గుసగుసలాడింది. "కింద ఒకావిడ ఉంది. నా చెయ్యి పట్టుకుంది. విదిలించుకుని వచ్చేశాను. ఆవిడ... నా వెనకే ఎక్కుతోంది."

పంతం అక్కడితో పోయింది. తలుపులు మూసేసి, స్క్రూడ్రైవరు తీసి బందులు విప్పసాగాను. ఆ తలుపులు ఊడితే మిగిలేది నేను చేసిన ఉత్త చట్రమే. మొత్తం పన్నెండు స్క్రూలు.

అమ్మాయి చెక్కకు చెవి ఆనించింది. "నాలుగో మెట్టు నాన్నా... ఐదు..."

"నువ్వు ఇవతలికి రా."

"ఎనిమిది..."

పదకొండు స్క్రూలు ఊడాయి. చివరిది బిగుసుకుపోయింది. రెండు చేతులతో పట్టాను.

"ఆగింది నాన్నా. తలుపు దగ్గరే ఉంది."

స్క్రూ ఊడాలని నేను ఎడమకే తిప్పాను. నా పిడికిట్లో స్క్రూడ్రైవరు పిడి మెల్లగా కుడికి తిరిగింది.