మాట వినని నలుపు

నర్సరీ ఎదురింటి మల్లెపందిరి పొద్దున్నే చిలకపచ్చగా మారింది. ఆ ఇంటి కోడలు ఇవాళ ఆ రంగు చీర కట్టుకుంది మరి! మణికట్టు మీది వర్ణశాసని దగ్గర నోరు పెట్టి రంగు పేరు చెబితే చాలు, అర నిమిషంలో పూలన్నీ ఆ రంగు తొడుక్కుంటాయి. విత్తనంలోకే రంగుపసరు ఎక్కించడం మొదలై ముప్ఫయ్యేళ్ళు దాటింది. ఇప్పుడు ఎవరి పెరట్లో మొక్కయినా ఎవరి మాటైనా వింటుంది.

కడియపులంక మొత్తానికి పసరెక్కని మొక్కలున్నది ఒక్క నూకరత్నం నర్సరీలోనే. ముదురు రంగు పూలంటే ఆవిడకు ప్రాణం. ముదురు పువ్వుకి ముదురు పువ్వు పుప్పొడి అద్ది, పుట్టినవాటిలో మరీ ముదురుది ఏరి అంటుకట్టి, అరటినారతో బిగించి, ఇరవై రెండేళ్ళుగా నలుపుకి దగ్గరవుతూ వచ్చింది. కొనేవాళ్ళు తగ్గిపోయినా ఆవిడ తల మాత్రం దించలేదు.

అలాంటి నర్సరీకి ఆ రోజు హైమవతి వచ్చింది. ధవళేశ్వరం గట్టు మీద దొరల కాలం నాటి బంగళా ఒకటుంది. మొనదేలిన కిటికీలు, నాచుపట్టిన గోడలు, లెక్కలేనన్ని గబ్బిలాలు. దాన్ని పిల్లలు సరదాగా భయపడే జడుపు బంగళాగా మారుస్తోంది హైమవతి. తోటలో బాటకి ఎడంపక్క పసరు కంపెనీవాళ్ళు అప్పటికే నల్లపూలు నాటేశారు.

"కుడిపక్క మీది రత్నంగారూ. మొదటిరోజు పిల్లలు ఏ పక్క పూలని చూసి జడుసుకుంటే తోటంతా ఆ పక్కవాళ్ళకే ఇస్తాను. అన్నీ నల్లగానే ఉన్నాయి కదా, ఏవో ఒకటి ఇచ్చేయండి."

"అదేం మాటండీ! ఏవో ఒకటి ఎలా ఇస్తానండి?" అంటూ నూకరత్నం రొండిన దోపుకున్న నల్లగుడ్డ తీసింది. ఒక గులాబీని ఆ గుడ్డకి ఆనించి ఏటవాలు ఎండలో పట్టుకుంది. నల్లగా కనిపించిన పువ్వు అడుగున నేరేడుపండు ఎరుపు మెల్లగా పైకి తేలింది. "ఇది చూడండి. నలుపులో ప్రాణం ఉంది. ఈ పక్కది గుడ్డలో కలిసిపోయింది, ఇది వద్దండి. దెయ్యానికైనా ఒక మొహం ఉండాలి కదండీ, మసిగుడ్డని చూసి ఎవరు జడుసుకుంటారు?"

అలా ఒక్కొక్కటే ఏరింది. బాట పక్కకి నల్ల గులాబీ, ముదురు మందారం. చెట్లనీడకి మీసాలు వేలాడేసుకున్న గబ్బిలపువ్వు. నల్ల ఉమ్మెత్త విషం కాబట్టి పిల్లల చేతికందకుండా కంచె లోపలికి.

హైమవతి మొహంలో మాత్రం అనుమానం పోలేదు. "కంపెనీవి కాటుకలా ఉన్నాయండీ. వాటిముందు మీవి తేలిపోతాయేమో!"

నూకరత్నానికి చుర్రుమంది. "తేలిపోతే నా తల్లిమొక్కల విత్తనాలకి నేనే పసరెక్కించేస్తానండి. ఆయ్!"

ఆవేశంలో అనేసింది గానీ, హైమవతి వెళ్ళగానే తల్లిమొక్కల దగ్గరికెళ్ళి ఒక్కొక్కదాన్నీ తడిమి చూసుకుంది. అయినా ఆడిన మాట ఆడిందే.

ప్రారంభం రోజు సాయంత్రం నాలుగింటికి పిల్లలు బిలబిలమంటూ లోపలికొచ్చారు. ఎడంపక్క నల్లపూల బారు చూసి ఒక్క క్షణం ఆగారు. నూకరత్నం పైటకొంగు గట్టిగా పట్టుకుంది. అంతలో ఎవరో మణికట్టు నోటి దగ్గర పెట్టుకుని "గులాబీరంగు!" అని అరిచారు. అంతే, కాటుకలాంటి పూలన్నీ పెళ్ళిపందిరిలా మారిపోయాయి. "పసుపు!" అంటే పసుపు, "నీలం!" అంటే నీలం. పిల్లలు పడీపడీ నవ్వారు. తాను కూడా రోజూ చేసే పనే అయినా, ఇలా జరుగుతుందని హైమవతికి తట్టనే లేదు. కంపెనీవాళ్ళకీ తట్టలేదు.

నవ్వుకుంటూనే కుడిపక్కకి తిరిగారు. ముందు నిలబడ్డ ఏడేళ్ళ పిల్ల, పేరు శర్వాణి, వర్ణశాసని ఎత్తి నల్లగులాబీతో "తెలుపు!" అంది.

పువ్వు కదల్లేదు.

"తెలుపు! తెలుపవ్వు!" పిల్ల గొంతు పెరిగింది. మిగతా పిల్లలూ అందుకుని అన్ని రంగులూ అరిచారు. తర్వాత ఒక్కొక్కళ్ళే వెనక్కి జరిగారు. పుట్టి బుద్ధెరిగాక కాదన్న పువ్వుని వాళ్ళు చూడలేదు. శర్వాణి గబుక్కున వాళ్ళమ్మ వెనక్కి వెళ్ళి కుచ్చెళ్ళు పట్టుకుంది. "అమ్మా, ఇది నా మాట వినట్లేదే!" ఆ గొంతులో వణుకు అబద్ధం కాదు. హైమవతి నూకరత్నం వైపు చూసి, రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టింది.

నూకరత్నం మోకాళ్ళ మీద కూర్చుంది. "జడుసుకోకమ్మా. అది పుట్టడమే అలా పుట్టింది."

"ఎవరు చెప్పినా వినదా?"

"కలెక్టరుగారొచ్చి చెప్పినా వినదు."

పిల్ల మెల్లగా బయటికొచ్చి పువ్వు ముందు చాలాసేపు నిలబడింది. వర్ణశాసనిని మణికట్టు నుంచి ఊడదీసి వాళ్ళమ్మ చేతికిచ్చింది.

"మామ్మా, నాకిది కావాలి."

"నీ మాట వినదుగా, ఎందుకే?"

"దీనికి నలుపే ఇష్టం కదా. ఉండనీ."

ఇరవై రెండేళ్ళలో ఆ మొక్క గురించి అంత సరిగ్గా చెప్పినవాళ్ళు లేరు. నూకరత్నం కళ్ళొత్తుకుని, తలెత్తి, దర్జాగా అడిగింది.

"రోజూ నీళ్ళు పోస్తావా మరి?"