సంతకం పెట్టినవాడే తినాలి

నాలుగో రోజు మధ్యాహ్నం ఆహార కమిషనర్ గారి చేతికున్న కడియం ఎర్రగా వెలిగింది. ఎదురుగా గిన్నెలో సగం తాగిన పుష్టి పొడి జావ ఉంది. ఆయన పొట్ట పట్టుకుని, "ఇది పిల్లలు తినే తిండేనా డాక్టర్ గారూ?" అన్నాడు.

"తమరు నిరుడు సంతకం పెట్టి బడులకు పంపించిన తిండే సార్," అంది డాక్టర్ సాహితి.

అబ్బ, ఆ మాట ఎవరైనా అంటే వినాలని ఈ రాష్ట్రం ఎన్నేళ్లు కాచుకుందో!

ఆ కడియాన్ని తయారుచేసింది సాహితే. అదేం బ్రహ్మవిద్య కాదు. పుష్టి పొడి కంపెనీ తయారుచేసే ప్రతి బ్యాచ్‌లోనూ రుచీ రంగూ లేని మార్కర్ ఒకటి కలుపుతారు. తిన్నవాడి చెమటలో అది తేలుతుంది. మణికట్టు మీది సెన్సర్ దాన్ని పట్టి, ఎవరు ఏ బ్యాచ్ తిన్నారో రాసుకుంటుంది. కాలేయం దెబ్బతింటే ఆ జాడ కూడా చెమటలోనే దొరుకుతుంది, ఎర్ర దీపం వెలుగుతుంది. సంతకం పెట్టే అధికారి ఏడు రోజులు తానే తిని, కడియం ఆకుపచ్చగా ఉంటేనే ఆ బ్యాచ్ గోడౌన్ దాటాలి. చట్టం అదీ.

మొదటి ఏడాది చూడాలి ఆ సంబరం! ముక్కిన నూనె మాయం. బూజు పట్టిన వేరుశనగ మాయం. అధికార్లే కంపెనీకొచ్చి దగ్గర నిలబడి పప్పులు ఏరించారు. పరాయి పిల్లల పొట్ట మీద లేని ప్రేమ సొంత పొట్ట మీద ఉంటుంది కదా మహానుభావులకు!

రెండో ఏడాది చట్టానికి చిన్న సవరణ వచ్చింది. ఏడు రోజుల తిండిని ఏడుగురు తలా ఒక రోజు పంచుకోవచ్చునట, ఏడో రోజు తిన్నవాళ్ల వేలిముద్రే సంతకమట. వాళ్లు పెద్ద అధికార్లే కానక్కర్లేదట, బడి వంటలో అనుభవం ఉంటే చాలునట. బూజు విషం వరసగా నాలుగు రోజులు తింటే గానీ ఒంట్లో బయటపడదని కమిషనర్‌కు తెలిసినంత బాగా ఇంకెవరికి తెలుసు? ఆ సవరణ రాసింది ఆయనే. దొంగ చేతికి తాళాలిచ్చినట్టయింది.

అలా అధికారి అయింది పైడమ్మ. గజపతినగరం దగ్గర ఒక బడిలో పద్దెనిమిదేళ్లు వంట చేసిన మనిషి. ఊళ్లో ఆఫీసరమ్మా అని పిలిస్తే సిగ్గుపడి నవ్వేది. సాహితి పుష్టిధార కంపెనీకి తనిఖీకి వెళ్లినప్పుడు, ముక్కు మూసుకుని జావ తాగుతూ కనిపించింది.

"ఎన్ని రోజులు తాగుతావు పైడమ్మా?"

"ఒక్కరోజేనమ్మా. నాది ఏడో రోజు. ఆకర్న ఏలిముద్ర నాదే."

"ముక్కెందుకు మూసుకున్నావు?"

"బూజు కంపు. సూపరైజర్ బాబుతో సెప్పినాను. నీ నాలికని ఎవులడిగినారు, కడియం ఆకుపచ్చగున్నాదా లేదా అన్నాడు. పద్దెనిమిదేళ్లు పిల్లలకి ఎట్టేముందు నాను రుచి సూసినాను. ఇలాటిదైతే పారబోసీదాన్ని. ఇక్కడ పారబోయనివ్వరు కదమ్మా!"

సాహితి ఆ సాయంత్రమే సచివాలయానికి ఉత్తరం రాసింది. మూడో రోజు జవాబొచ్చింది. ఏడు కడియాలూ ఆకుపచ్చగా ఉన్నాయి, మీ యంత్రం అద్భుతంగా పనిచేస్తోంది, అభినందనలు! థూ, ఏం జన్మలో!

నెల తిరక్కుండా బడుల్లో పిల్లలకు కళ్లు పచ్చబడ్డాయి. పదకొండు మంది పోయారు. పోలీసులు కంపెనీకి వెళ్లారా? కమిషనర్ బంగళాకు వెళ్లారా? తిన్నగా పైడమ్మ ఇంటికి వెళ్లారు. బాధ్యుల్ని పట్టుకోవడానికే కదా చట్టం పెట్టుకుంది!

కోర్టులో ప్రభుత్వం తరఫు సాక్షి ఎవరనుకున్నారు? సాహితి.

"మీ యంత్రం తప్పు చెప్పే అవకాశం ఉందా?" అని అడిగాడు సర్కారు ప్లీడరు.

ఉందంటే ఆ చట్టమే పోతుంది. దాన్ని కొట్టెయ్యమనే పిటిషన్ పట్టుకుని కంపెనీ వకీలు వెనక బల్ల మీద కూర్చునే ఉన్నాడు.

"లేదు," అంది సాహితి.

"ఏడో రోజు తిన్నదెవరు?"

"పైడమ్మ."

"వేలిముద్ర?"

"ఆమెదే. కానీ అయ్యా, ఆమె ముందే చెప్పింది, వాసన..."

"అడిగినదానికే జవాబు చెప్పండి."

బోనులోంచి పైడమ్మ చేతులు జోడించింది. "బాబూ, నాను తిన్నాను, ముద్దరేసినాను. అబద్దమాడను. పసిబిడ్డలు సచ్చిపోనారు, నాకు ముద్ద దిగట్లేదు. సిచ్చ ఎయ్యండి. మరి తిననోళ్లని ఎవులూ పిలవరా?"

జడ్జిగారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. ఆయనా మనిషే, పాపం. కానీ రుజువు కావాలి కదా!

పైడమ్మకు ఏడేళ్లు వేశారు. తిననివాళ్ల చెమటలో ఏ జాడా దొరకలేదని తీర్పులో రాశారు.