కాళ్ల ఇంట్లో ఎవరుంటున్నారు?

చీకటి పడ్డాక కాళ్ల ఇంటి ముందు నుంచి పోకూడదు — వెదుళ్లగుంపు కోయగూడెంలో ఈ మాట నడక రాని పిల్లలకు కూడా తెలుసు.

పోతే ఏమవుతుందని అడిగితే మాత్రం ఒక్కొక్కరు ఒక్కో కథ చెబుతారు. వెదురు లోడుతో సారపాక కాగితం మిల్లుకు పోయే లారీ క్లీనరు ఒకడు వానకని దాని కింద నిలబడ్డాడట. పైన ఎవరో గుసగుసలాడుతుంటే కొత్త మొగుడూ పెళ్ళాలేమో అని నవ్వుకున్నాడట. అంతలో ఆ గుసగుసలు పదయ్యాయి... ఇరవై అయ్యాయి... వాడు లారీని కూడా మరిచిపోయి పరుగు లంకించుకున్నాడట. కరెంటు లైన్‌మన్ ఒకాయన నిచ్చెన వదిలేసి పోయాడు. ఆ నిచ్చెన ఇప్పటికీ అక్కడే ఉంది, దొంగలు కూడా ముట్టుకోలేదు.

నాకు దెయ్యాల మీద నమ్మకం లేదు, ముందే చెబుతున్నాను. ఖమ్మంలో ఫ్యాను కింద కూర్చుని సర్వే ఫారాలు కంప్యూటర్‌లోకి ఎక్కించేవాడికి దెయ్యాలతో పనేముంది? ఈ కథ నాకు చెప్పినవాడు హాతీరాం. కల్లూరు దగ్గర తండా వాడు, డిప్లొమా సివిల్ చదివాడు, మా ఆఫీసులో సర్వేయరు. అబద్ధం ఆడితే వాడి చెవులు ఎర్రబడతాయి. చెప్పినంతసేపూ నేను వాడి చెవుల వంకే చూస్తూ కూర్చున్నాను. ఎర్రబడలేదు.

అసలు ఆ ఇంటికి దెయ్యాల కొంప అని పేరు రావడం మా ఆఫీసుకే తలవంపులు. కట్టించింది మేమే మరి. రెండువేల ఆరు ఆగస్టులో గోదావరి పొంగినప్పుడు వాగు వెనక్కి తన్ని వెదుళ్లగుంపు గుడిసెలన్నిటినీ ఊడ్చుకుపోయింది. వరదకు తట్టుకునే ఇళ్ళు కట్టిస్తామని మరుసటేడు మా ప్రాజెక్టు బయల్దేరింది. ముందుగా ఒక్క ఇల్లు, నమూనాకి. ఎనిమిది సిమెంటు స్తంభాలు, మనిషి నిలబడి చెయ్యెత్తినంత ఎత్తు, దాని మీద రెండు గదులు, పైన స్లాబు. ఊరివాళ్ళు దాన్ని కాళ్ల ఇల్లు అన్నారు. అందులో ఎవరైనా కాపురముండి బాగుందంటే ఊరందరికీ నలభై ఇళ్ళు.

ఏడాది గడిచినా ఒక్కరూ ఎక్కలేదు.

రెండువేల ఎనిమిది జూలైలో హాతీరాంను పంపారు. ఆ జనానికి ఎలాంటి ఇల్లు కావాలో కనుక్కో, కట్టిన ఇల్లు ఎందుకు ఖాళీగా ఉందో తేల్చు, ఇంకా ఖాళీగానే ఉంటే ఆ నలభై ఇళ్ళూ వేరే ఊరికి రాసేస్తాం — ఇదీ ఆర్డరు. అంటే ఆ ఊరి నెత్తిన కప్పు ఉండాలా వద్దా అన్నది వాడి ఫారంలో ఒక్క గడి తేల్చాలి. "ఇంట్లో ఎవరుంటున్నారు?"

హాతీరాం మూడు రోజులు గుడిసె గుడిసె తిరిగాడు. వెదురు తడికలకు మెత్తిన మట్టి వానకు కారిపోతోంది. పిల్లలు దగ్గుతున్నారు. ఇల్లు కావాలా అంటే అందరూ అవ్ అన్నారు. మరి ఆ ఇంట్లో ఎందుకుండరు అంటే అందరూ కిందికి చూశారు. చివరికి ఊరి పెద్ద గోపాలును పట్టుకున్నాడు.

"అండ్ల మాకు పని లేదు సారూ. అటు దిక్కు పోకుండ్రి."

"ఏందుంది పెద్దయ్యా అండ్ల?"

"చెప్పరాదు."

మనవాడు మొండిఘటం. ఒక్క రాత్రి తాను అక్కడ పడుకుని పొద్దున్నే నవ్వుతూ మెట్లు దిగితే ఊరి భయం వదులుతుంది, ఫారంలో గడి నిండుతుంది అనుకున్నాడు. ఆఖరి ఆటోకు భద్రాచలం పోతున్నానని చెప్పి ఎక్కాడు. మలుపు దాటగానే దిగి, పొలాల మీదుగా నడుచుకుంటూ వెనక్కి వచ్చాడు. అప్పటికి చీకటి పడింది. సన్నగా వాన మొదలైంది.

మెట్లెక్కాడు. ముందు గది తలుపు తోస్తే చప్పుడు లేకుండా తెరుచుకుంది.

అప్పుడే వాడికి మొదటిసారి ఒళ్ళు జలదరించిందట. ఏడాదిగా ఎవరూ తొక్కని ఇంట్లో బూజు ఉండాలి, గబ్బిలాల పెంట ఉండాలి. నేల మాత్రం అద్దంలా ఉంది. ఆ రోజే ఎవరో పేడతో అలికినట్టు వాసన. లోపలి గది తలుపుకు నార తాడు కట్టి ఉంది, ముడి మీద ముడి. టార్చి వేసి ఆ ముళ్ళ వంక చూశాడు. విప్పబుద్ధి కాలేదు. పొద్దున చూద్దాంలే అని సంచీ తల కింద పెట్టుకుని, గోడ వారగా, దుప్పటి నిండా కప్పుకుని పడుకున్నాడు.

ఎంతసేపైందో తెలియదు. మెట్ల మీద అడుగులు...

ఒకరు కాదు. ఒకరి వెనుక ఒకరు. చెప్పులు లేని తడి పాదాలు. దీపం లేదు, మాట లేదు. తలుపు తెరుచుకుంది. గాలితో పాటు వాన వాసన లోపలికి వచ్చింది. వాళ్ళు వాడి పక్కనుంచే పోతున్నారు — ఎంత దగ్గరగా అంటే, దుప్పటి అంచు మీద నీటి చుక్కలు పడుతున్నాయి. తాడు ముళ్ళు విప్పుతున్న చప్పుడు. లోపలి గది తలుపు కిర్రుమంది.

అప్పుడు గుసగుసలు.

వాడికి కోయ భాష తిరిగి తిరిగి నాలుగు ముక్కలు పట్టుబడ్డాయి. ఆ నాలుగు ముక్కలే వాడి కొంప ముంచాయి. చీకట్లో ఒక గొంతు అంటోంది — భయపడకు. ఇంకో గొంతు — భయపడకు, నీళ్ళు ఇంత ఎత్తు రావు. ఇంకోటి... ఇంకోటి... అందరిదీ అదే మాట. భయపడకు. భయపడకు.

తనతోనే అంటున్నారనుకున్నాడు హాతీరాం. తండా దేవత మేరామా భవానీని తలుచుకుందామంటే ఆ పేరు కూడా గుర్తుకు రాలేదట పాపం.

కాసేపటికి అడుగులు వెనక్కి మళ్ళాయి. ఒక్కొక్కరే మెట్లు దిగిపోయారు. ఇల్లు నిశ్శబ్దమైంది... అయినా ఎవరో ఉన్నారు. లోపలి గడప దగ్గర ఊపిరి వినిపిస్తోంది.

ఇక ఆగలేక టార్చి నొక్కాడు.

జంపక్క. మూడు రోజుల కింద వాడికి ఇప్పపూలు పెట్టి, కూర్చోడానికి చాప వేసిన మనిషి. యాభై ఏళ్ళుంటాయి. గడప మీద కూర్చుని లోపలి గదిలోకి తొంగి చూస్తోంది. వెలుగు పడగానే ఆమె వాడికంటే ఎక్కువ ఉలిక్కిపడింది.

"సారూ... నువ్వు పోలేదా?"

"పెద్దమ్మా, ఏంది ఇదంత? ఎవలు వాళ్ళు?"

ఆమె వాడి చేతిలో టార్చి పట్టుకుని లోపలికి తిప్పింది. గది నిండా కుండలు. చిన్న మట్టి కుండలు, వరుసలు కట్టి, ఒక్కోదాని ముందు ఆకులో గుప్పెడు బియ్యం.

"మా పెద్దలు" అంది జంపక్క. "చచ్చిపోయినోళ్ళకు ఇంట్ల కుండ పెట్టుకుంటం. వాళ్ళు అండ్లనే ఉంటరు. ఆ గోదారి వచ్చినప్పుడు గుడిసెలతోటి వాళ్ళు గూడ కొట్టుకపోయిండ్రు. మూడు నెలలు ఒడ్డెంబడి తిరిగి పిలిచి పిలిచి తెచ్చుకున్నం."

"మరి ఈ ఇంట్ల..."

"నీళ్ళకు అందని ఇల్లు ఊరంతట ఇదొక్కటే గద. మాకు కాళ్ళున్నయి సారూ, గుట్ట ఎక్కుతం. వాళ్ళకేడ ఉన్నయి?"

భద్రాచలం దగ్గర నీళ్ళు పెరుగుతున్నాయని సాయంత్రం రేడియోలో చెప్పారట. కుండల్లో ఉన్నవాళ్ళు భయపడతారని ఊరంతా వచ్చి ధైర్యం చెప్పి పోయింది. బయటివాళ్ళు వచ్చి ఆ కుండల్ని ఎక్కడ విసిరేస్తారో అని దెయ్యాల పేరు పెట్టింది కూడా వాళ్ళే. లారీ క్లీనరు విన్న గుసగుసలు అవే! మా చదువుకున్న ఇంజనీర్లందరూ కలిసి ఒక మంచి ఇల్లు కట్టారు. ఆ తిండికి లేని జనం దాన్ని తమకోసం వాడుకోకుండా చచ్చినవాళ్ళకు ఇచ్చేశారు. నాకైతే ఈ ముక్క విన్నప్పుడు కళ్ళు చెమర్చాయి, దాచుకోవడమెందుకు.

"ఇండ్ల నీ కుండ ఏది పెద్దమ్మా?" అడిగాడు హాతీరాం.

"నాకు లేదు. మా దుర్గకు కుండ పెట్టలె."

వరద రాత్రికి ఆమె కూతురు దుర్గకు పదహారేళ్ళు. మేకల తాళ్ళు విప్పి వస్తానని పోయింది. మేకలు వచ్చాయి. పిల్ల రాలేదు, శవమూ దొరకలేదు.

"కుండ పెట్టు, పెట్టు అంటరు అందరు. ఎట్ల పెడత? అది చచ్చిందని ఎవలు చూసిండ్రు? ఏడనో బతికే ఉంటది." ఆమె గొంతు తగ్గింది. "అందరు పోయినంక నేనొక్కదాన్ని ఇక్కడ కూసుంట. లోపల చూస్త. ఇండ్ల అది లేదని చూసుకొని... ఇంటికి పోయి పండుకుంట."

హాతీరాం ఆ రాత్రే టార్చి వెలుగులో ఫారం నింపాడు. కుండలు ముప్పై ఎనిమిది. జంపక్క పేర్లు చెప్పింది, వాడు రాశాడు. ఇంట్లో ఎవరుంటున్నారు? ముప్పై ఎనిమిది మంది. రాసేటప్పుడు వాడి చెవులు నేను చూడలేదు గానీ, ఎర్రబడే ఉంటాయి.

రెండు గదుల్లో ముప్పై ఎనిమిది మందా? మా ఆఫీసు అంత తేలిగ్గా నమ్మే రకం కాదు. పై ఆఫీసరు వెంకటనారాయణ గారు స్వయంగా తనిఖీకి వస్తున్నట్టు కబురొచ్చింది. కుండలు కంటబడితే ఇళ్ళూ పోతాయి, హాతీరాం కొలువూ పోతుంది. గోపాలు తలపట్టుకుని ఒక ఉపాయం ఆలోచించాడు. కుండల్ని వాగు అవతలి గుట్ట మీద గుహలోకి చేర్చాలి. మధ్యాహ్నానికల్లా తిరిగొచ్చి, ముప్పై ఎనిమిది మంది ఆ ఇంట్లో కూర్చుని, ఆ పేర్లకే పలకాలి.

తనిఖీ రోజు పొద్దున్నే ఊరంతా కుండలు నెత్తిన పెట్టుకుని వాగు దాటింది. ఇక వాన చూడండి... పట్టిన వాన పట్టినట్టే కురిసింది. వాగు నడుము లోతు దాటింది, మెడ లోతు దాటింది. పోయినవాళ్ళు అవతల గట్టునే చిక్కుకుపోయారు. మోయడానికి కుండ లేని జంపక్క ఒక్కతే ఇవతల మిగిలింది.

జీపు బురదలో దిగబడీ లేచీ చీకటి పడే వేళకు వచ్చింది. వెంకటనారాయణ గారు ఒక చేత్తో గొడుగు, ఒక చేత్తో ఫారం పట్టుకుని దిగారు.

"పైన ఉన్నారా అందరూ?"

హాతీరాం నోరు తెరిచేలోపే ఆయన టార్చి వేసుకుని మెట్లెక్కిపోయారు. ఐదు నిమిషాలు... పది నిమిషాలు... పావుగంట. ఖాళీ ఇంట్లో అంతసేపు ఏం చేస్తున్నట్టు? జంపక్క స్తంభానికి ఆనుకుని పైకే చూస్తోంది. నలభై ఇళ్ళూ వాన నీళ్ళలో కొట్టుకుపోతున్నట్టే అనిపించింది హాతీరాంకు.

ఆయన దిగివచ్చారు. ముఖంలో భయం లేదు. కోపం ఉంది.

"ఏమయ్యా, మనుషుల్ని ఇలా కుక్కుతారా? ఒక్కొక్కరూ తడిసి ముద్దయి కూర్చున్నారు. పాపం, పేరు పేరునా పిలిస్తే అందరూ పలికారు. నలభై ఇళ్ళకీ రేపే సంతకం పెట్టేస్తాను. వీళ్ళకు కాకపోతే ఇంకెవరికిస్తాం?"

హాతీరాం వెనక్కి తిరిగి చూశాడు. వాగు అవతల, వానలో, లాంతర్లు గుంపుగా కదులుతున్నాయి. ఊరు ఊరంతా అక్కడే ఉంది.

"అయితే నీ సర్వే తప్పు. ఒకళ్ళని వదిలేశావు. తలుపు బయట, వానలోనే, మోకాళ్ళు ముడుచుకుని ఓ పిల్ల కూర్చుంది. పదహారేళ్ళుంటాయేమో. లోపలికి వెళ్ళమ్మా అంటే కదలదు. పేరు దుర్గట. నేనే రాసుకున్నాను, ముప్పై తొమ్మిది."

జీపు వెళ్ళిపోయింది.

జంపక్క ఏడవలేదట. చాలాసేపు ఆ మెట్ల పై చివర చూస్తూ నిలబడింది. తర్వాత హాతీరాం వైపు తిరిగి ఒక్కటే అడిగింది.

"లోపలున్నోళ్ళు ఎవలూ రమ్మనలేదా సారూ దాన్ని?"

వాడు తల వంచుకున్నాడు. ఆమె తన గుడిసెలోకి పోయి, మంచినీళ్ళ కుండ తెచ్చి, వానలో దాన్ని బోర్లించి నీళ్ళన్నీ ఒలకబోసింది. ఖాళీ కుండ చంకన పెట్టుకుని, కూతురి పేరు పిలుస్తూ మెట్లెక్కింది.