పొద్దుటి పట్టీ రంగు

వార్డులోకి అడుగు పెడుతూనే అతను తుమ్మాడు. ఒకటి కాదు, వరసగా మూడు.

"బయటికి," అంది నర్సు, తలెత్తకుండానే.

"నేను పాప బాబాయినండీ."

"తుమ్ముకి చుట్టరికాలు తెలీవు. ఇది పిల్లల కిడ్నీ వార్డు. మీకది వట్టి జలుబే. అదే వైరస్ వీళ్ళకి సోకితే, తగ్గిన జబ్బు మళ్ళీ తిరగబెడుతుంది."

బేకరీలో నలుగురి మీద పెత్తనం చేసే మనిషి, ఉప్పు వెయ్యకుండా కాల్చిన బ్రెడ్డు పొట్లంతో తలుపు బయట నిలబడిపోయాడు. లోపల, ముఖమంతా ఉబ్బి కళ్ళు సన్నని గీతలైపోయిన అయిదేళ్ళ పాప చెయ్యి ఊపింది. ఒంట్లోని ప్రోటీన్ మూత్రంలో పోతుండడం వల్ల ఆ వాపు.

నాలుగు రోజులు తలుపు అద్దంలోంచే పాపని చూశాడు. అయిదో రోజుకి జలుబు తగ్గి లోపలికి వచ్చాడు కానీ, చూపు మాత్రం పాప మంచం దాటి నర్సు బల్ల దాకా పోతోందని పాప తల్లి, అతని వదిన, కనిపెట్టేసింది.

డిశ్చార్జి రోజున నర్సు ఒక డబ్బా నిండా కాగితపు పట్టీలు ఇచ్చింది. "రోజూ పొద్దున్నే పాప మూత్రంలో ముంచండి. పసుపుగా ఉంటే మంచిది. ఆకుపచ్చకి తిరిగితే ప్రోటీన్ పోతున్నట్టు. వరసగా మూడు రోజులు ఆకుపచ్చ వస్తే ఆగకుండా వచ్చెయ్యండి."

"నాకు రంగులు అంతగా తెలీవమ్మా," అంది వదిన, కర్టెన్ల రంగు కుదరలేదని ఏడు షాపులు తిరిగిన మనిషి. "మా మరిది ఫోటో తీసి పంపుతాడు. నంబరు ఇస్తావా?"

లోకంలో అబ్బాయిలు పొద్దున్నే పూల ఫోటోలు పంపుతారు. ఇతను మూత్రం పట్టీ పంపాడు.

"పసుపే. గుడ్ మార్నింగ్," అని జవాబు వచ్చింది.

"గుడ్ మార్నింగ్ నాకా, పట్టీకా?"

"పట్టీకి. మీ సంగతి రేపు చూద్దాం."

ఆ 'రేపు' రెండు నెలలు సాగింది. వానలు మొదలయ్యాక పాపకి జలుబు చేసి జ్వరం వచ్చింది. పట్టీ ఆకుపచ్చగా మారింది. రెండో రోజూ అంతే. మూడో రోజు అతను ఫోటో పంపలేదు, ఫోన్ చేశాడు.

"బయల్దేరండి," అంది ఆమె. ఆ గొంతులో వేళాకోళం లేదు.

పాపని చేర్చుకుని మందు మొదలుపెట్టాక, డ్యూటీ దిగిన నర్సుకి అతను వరండా బెంచీ మీద తల పట్టుకుని కనిపించాడు.

"నా వల్లే. గొంతు నొప్పిగా ఉన్నా దాన్ని మెడమీద ఎక్కించుకుని తిప్పాను."

"స్కూల్లో ఎంతమంది పిల్లలు ముక్కు చీదుతున్నారో మీకు తెలుసా? ఎవరి జలుబో తేల్చలేం. వాపు రాకముందే మీరు పట్టుకున్నారు. అది గుర్తుపెట్టుకోండి."

ఆమె పక్కన కూర్చుంది. "చిన్నప్పుడు నాకూ ఇదే జబ్బు. మా నాన్న రోజూ నా మూత్రం కాచి, ప్రోటీన్ ఉండి తెల్లగా విరిగిందేమోనని చూసేవాడు. పదమూడేళ్ళు వచ్చాక మళ్ళీ రాలేదు. కానీ ఈ మాట చెప్పగానే సంబంధాలవాళ్ళు కుర్చీల్లోంచి లేచిపోతారు. రెండుసార్లు అయింది."

అతను కదల్లేదు.

"మీరు లేవలేదేం?"

"లేవమన్నా లేవను. మిమ్మల్ని పెళ్ళి చేసుకోవాలని ఉందని చెప్పడానికి రెండు నెలలుగా మాటలు వెతుక్కుంటున్నాను. ఇలాంటి రోజున చెప్పకూడదేమో."

"చెప్పేశారుగా," అంది ఆమె, నవ్వు దాచుకోలేక.

పన్నెండో రోజుకి ప్రోటీన్ పోవడం ఆగింది. పాప తన సంచీ తనే మోసుకుంటూ వార్డులోంచి బయటికి వచ్చింది. వెనకే వచ్చిన వదిన నర్సు చెయ్యి పట్టుకుంది.

"మీ నాన్నగారు ఇంట్లో ఎప్పుడుంటారమ్మా?"

"ఆదివారం సాయంత్రం. అడ్రసు మీ మరిదిగారికి తెలుసు."

వదిన కనుబొమలు ఎగరేసి మరిది వంక తిరిగింది. అడ్రసు ఎలా తెలిసిందో చెప్పాల్సి వస్తుందని, అతను పాపని సంచీతో సహా ఎత్తుకుని గబగబా మెట్లు దిగిపోయాడు.